డ్రాఫ్ట్ రూల్ మీద అభ్యంతరం పంపడం ఎలా: గీత కార్మికులకు, మిల్లు కూలీలకు, ఊరి కిరాణా కొట్టుకు

"కొత్త రూల్ వస్తున్నదట గదా, మనం కూడా ఏమన్నా రాసి పంపొచ్చా?" ఈ ప్రశ్న ఈ మధ్య చాలా మంది అడుగుతున్నారు. మామునూరు విమానాశ్రయం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు ఇళ్ళ ఎత్తు, చెట్ల ఎత్తు గురించి టెన్షన్. ఎనుమాముల వైపు జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసేవాళ్ళకు ఉచిత హెల్త్ చెకప్ తమకు వస్తుందా రాదా అని అనుమానం. ములుగు వైపు గూడెంలో చిన్న కిరాణా కొట్టు నడిపే వాళ్ళకు దగ్గు సిరప్ ఇక అమ్మొచ్చా లేదా అన్నది ప్రశ్న. అడిగేది మూడు శాఖల గురించి అయినా పంపే పద్ధతి ఒక్కటే కాబట్టి అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మీరు రాయొచ్చు. వకీలు అక్కర్లేదు, ఫీజు లేదు, సంఘంలో సభ్యత్వం ఉండాల్సిన పని లేదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, ముందుగా డ్రాఫ్ట్ (ముసాయిదా) ప్రచురించి తీరాలన్న షరతు ఉన్న రూల్స్ విషయంలో, గడువులోగా అందిన ప్రతి అభ్యంతరాన్ని ప్రభుత్వం పరిశీలించాలి. పరిశీలించాలి అనే ఉంది, ఒప్పుకోవాలి అని లేదు. ఆ తేడా మనసులో పెట్టుకుని మొదలుపెట్టండి.

చట్టం అయిపోయాక రూల్స్‌తో ఏం పని అనేవాళ్ళకు ఒక ఉదాహరణ. పని ప్రదేశాల భద్రతకు సంబంధించిన 2020 నాటి లేబర్ కోడ్‌లో, యజమాని ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్షలు చేయించాలని ఉంది. ఎవరికి? "ప్రభుత్వం నిర్ణయించిన వయసు లేదా తరగతి" ఉద్యోగులకు. ఆ వయసు ఎంతో చట్టంలో లేదు, రూల్స్‌లో తేలుతుంది. 2020 నవంబర్ 19న కేంద్రం ఇచ్చిన డ్రాఫ్ట్‌లో 45 ఏళ్ళు నిండినవాళ్ళకు అని పెట్టారు. 2025 నవంబర్ 21న కోడ్ అమల్లోకి వచ్చినప్పుడు 40 దాటినవాళ్ళకు అని ప్రకటించారు. పదిహేనేళ్ళుగా పత్తి దుమ్ము పీలుస్తున్న 35 ఏళ్ళ ఆమెకు రెండు అంకెల్లో ఏదైనా ఒరిగేదేమీ లేదు. ఆ మాట ఎవరో ఒకరు గడువులోపల రాసి పంపితేనే అది ఫైల్లోకి వెళ్తుంది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

డ్రాఫ్ట్ నోటిఫికేషన్ పూర్తి పిడిఎఫ్. పేపర్ కటింగ్, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో పనికిరావు. ఇప్పుడు అమల్లో ఉన్న పాత రూల్ కాపీ. మీకు ఒక ఈమెయిల్ ఐడీ, లేదంటే స్పీడ్ పోస్ట్ ఖర్చు. మీ వృత్తిని చూపే కాగితం ఒకటి: లైసెన్స్, గుర్తింపు కార్డు, పట్టాదారు పాస్‌బుక్ మొదటి పేజీ, ఏదో ఒకటి. ఇంగ్లిష్ చదివే మనిషి ఒకరు ఓ గంట పాటు దొరికితే చాలు. డిగ్రీ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్ళనే కూర్చోబెట్టండి, మీ పనీ అవుతుంది, వాళ్ళకూ తెలుస్తుంది.

1. అది డ్రాఫ్టేనా, అయిపోయిన రూలా చూడండి

"రేపటి నుంచి కొత్త రూల్" అని గ్రూపుల్లో తిరిగే మెసేజ్‌లలో మూడు రకాలు కలిసిపోయి ఉంటాయి: డ్రాఫ్ట్, తుది రూల్, అసలు లేనే లేని పుకారు. అభ్యంతరం పంపడానికి వీలున్నది డ్రాఫ్ట్ మీదే. గుర్తు పట్టడం తేలిక. డ్రాఫ్ట్ నోటిఫికేషన్ మొదటి పేరాల్లోనే "దీనివల్ల ప్రభావితమయ్యే వారందరి సమాచారం కోసం ప్రచురిస్తున్నాం, ఇన్ని రోజుల తర్వాత పరిశీలనకు తీసుకుంటాం" అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. పిడిఎఫ్‌లో ఆబ్జెక్షన్స్ అనే ఇంగ్లిష్ మాట వెతకండి. ఆ వాక్యం, గడువు, పంపాల్సిన చిరునామా మూడూ ఉంటే డ్రాఫ్ట్. "గెజిట్‌లో ప్రచురించిన తేదీ నుంచి అమల్లోకి వస్తాయి" అన్న వాక్యాన్ని చూసి కంగారు పడకండి. అది డ్రాఫ్ట్‌లో కూడా ఉంటుంది. అక్కడ చెప్పేది తుది గెజిట్ సంగతి.

2. గెజిట్ దించుకోండి

గెజిట్ అంటే ప్రభుత్వ అధికారిక పత్రిక. కేంద్రం రూల్స్ అయితే భారత ప్రభుత్వ ఈ-గెజిట్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. శాఖ పేరు, తేదీ ఇచ్చి వెతకాలి. రూల్స్ సాధారణంగా అసాధారణ గెజిట్‌లో పార్ట్ 2, సెక్షన్ 3, సబ్-సెక్షన్ 1 కింద జి.ఎస్.ఆర్. అనే వరుస నెంబర్‌తో వస్తాయి. ఆ నెంబరు, తేదీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఉత్తరంలో మొదట రాయాల్సింది అదే.

చాలా మంది ఇక్కడే ఆగిపోతారు. పిడిఎఫ్ తెరవగానే హిందీ కనపడుతుంది, "ఇది మనకు అర్థమయ్యేది కాదు" అని మూసేస్తారు. కిందికి జరపండి. ముందు సగం హిందీ, తర్వాత సగం అదే విషయం ఇంగ్లిష్‌లో ఉంటుంది. నలభై పేజీల పిడిఎఫ్ అంటే మీరు చదవాల్సింది ఇరవై పేజీలే.

విమానయాన శాఖకు ఇంకో దారి కూడా ఉంది. ప్రయాణికుల రీఫండ్, పైలట్ల డ్యూటీ గంటలు లాంటివి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తన "రిక్వైర్‌మెంట్స్" రూపంలో ఇస్తుంది. వాటి డ్రాఫ్టులు డీజీసీఏ వెబ్‌సైట్‌లో పెడతారు. 2025 నవంబర్‌లో టికెట్ రద్దు, రీఫండ్ మీద వచ్చిన డ్రాఫ్ట్ అలాంటిదే. టికెట్ తీసుకున్న 48 గంటల్లోపు అదనపు ఛార్జీ లేకుండా మార్చుకునే, రద్దు చేసుకునే వీలు ఇవ్వాలన్నది అందులో ఒక ప్రతిపాదన. గల్ఫ్‌కు వెళ్ళే మన జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. టికెట్ తీసుకునేది ఏజెంటు, డబ్బు తిరిగి రాకపోతే తిరిగేది మనవాళ్ళు.

రాష్ట్రం రూల్స్ అయితే తెలంగాణ గెజిట్, ప్రభుత్వ జీవోల వెబ్‌సైట్, సంబంధిత శాఖ వెబ్‌సైట్ చూడండి. దొరక్కపోతే జిల్లా కార్యాలయంలో అడగండి. కార్మిక శాఖ విషయమైతే కార్మిక శాఖ ఆఫీసు, మిల్లు భద్రత విషయమైతే ఫ్యాక్టరీస్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసు.

3. గడువు లెక్క వేసి, దాంట్లోంచి ఐదు రోజులు కొట్టేయండి

అన్నింటికీ 30 రోజులు ఉంటాయని అనుకోకండి. ప్రజల అభిప్రాయానికి కనీసం 30 రోజులు ఇవ్వాలని 2014లో కేంద్రం ఒక విధానం తెచ్చింది. కానీ అది విధానమే, చట్టం కాదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్ విమాన ప్రమాదం జరిగింది. జూన్ 18న విమానాల దారికి అడ్డం వచ్చే కట్టడాలు, చెట్ల తొలగింపు మీద పౌర విమానయాన శాఖ డ్రాఫ్ట్ ఇచ్చింది. దానికి ఇచ్చిన గడువు 20 రోజులు. లేబర్ కోడ్ 2020 డ్రాఫ్ట్‌కు 45 రోజులు ఇచ్చారు. పర్యావరణ నోటిఫికేషన్లకు మామూలుగా 60 రోజులు. కాబట్టి డ్రాఫ్ట్‌లో ఎంత రాశారో అంతే.

ఇంకో మెలిక ఉంది. చాలా డ్రాఫ్టుల్లో గడువును "గెజిట్ కాపీలు ప్రజలకు అందుబాటులోకి వచ్చిన తేదీ" నుంచి లెక్కిస్తామని ఉంటుంది. ఆ తేదీ ఏదని వాదన పెట్టుకోవద్దు. పిడిఎఫ్ పైన ఉన్న ప్రచురణ తేదీ నుంచే లెక్కపెట్టండి. పోస్టులో పంపేవాళ్ళు ఇంకో ఐదు రోజులు ముందే పంపాలి. హన్మకొండలో పోస్టు చేసిన రోజును కాదు, ఢిల్లీలో అందిన రోజును లెక్కలోకి తీసుకుంటారు.

4. ఢిల్లీకా, హైదరాబాద్‌కా?

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. అందుకే కొంచెం వివరంగా.

కార్మిక భద్రత విషయంలో గనులకు, రైల్వేలకు, విమాన రవాణాకు రూల్స్ చేసేది కేంద్రమే. అంటే భూపాలపల్లి, గోదావరిఖని సింగరేణి గని కార్మికుడు, కరీంనగర్ గ్రానైట్ క్వారీలో డ్రిల్లు పట్టే కార్మికుడు, కాజీపేట రైల్వే కార్మికుడు ఢిల్లీకి రాయాలి. ఫ్యాక్టరీలకు, బీడీ తయారీకి రాష్ట్రమే. జిన్నింగ్ మిల్లు, రైస్ మిల్లు, గీసుకొండ దగ్గరి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులోని యూనిట్లు, నిజామాబాద్ బీడీ కంపెనీలు హైదరాబాద్ కిందికి వస్తాయి.

గ్రానైట్ విషయంలో ఇంకా చిక్కు. రాయి తీసే క్వారీ గని కిందికి వస్తుంది, అదే రాయిని కోసి పాలిష్ చేసే యూనిట్ ఫ్యాక్టరీ కిందికి వస్తుంది. పీల్చే దుమ్ము ఒకటే, వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు ఒకటే, ఉత్తరం వెళ్ళాల్సిన ఊరు మాత్రం వేరు. ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. కోడ్ ప్రకారం ఫ్యాక్టరీలకు కూడా భద్రతా ప్రమాణాలు ప్రకటించేది కేంద్రమే. గాలిలో దుమ్ము ఎంత ఉండొచ్చు లాంటి ప్రమాణం మీద ఢిల్లీకి, చెకప్ వయసు లాంటి రూల్ మీద హైదరాబాద్‌కు రాయాల్సి రావచ్చు.

మందుల అమ్మకం, తయారీ రూల్స్ కేంద్ర ఆరోగ్యశాఖవి. వాటిని అమలు చేసేది మాత్రం రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ వాళ్ళు. లోకల్ డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు అభ్యంతరం ఇస్తే అది ఢిల్లీ చేరదు.

సందేహం వస్తే ఒకటే సూత్రం: డ్రాఫ్ట్ ఎవరి పేరు మీద వచ్చిందో, అందులో ఏ అధికారి హోదా ఇచ్చారో అక్కడికే. మంత్రికి, ఎంపీకి, కలెక్టర్‌కు కాపీలు పెట్టుకోవచ్చు. అసలు ప్రతి మాత్రం ఆ హోదాకే పోవాలి.

5. పాత రూల్ పక్కన పెట్టుకుని చదవండి

సవరణ డ్రాఫ్టులు విడిగా చదివితే ఒక్క ముక్క అర్థం కాదు. "ఫలానా వరుసలో ఫలానా పదం తొలగించాలి" అని మాత్రమే ఉంటుంది. దీనికి మంచి ఉదాహరణ దగ్గు సిరప్ డ్రాఫ్ట్. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయాక, ఏడాది చివర్లో కేంద్ర ఆరోగ్యశాఖ డ్రాఫ్ట్ ఒకటి ఇచ్చింది. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ కె, 13వ వరుసలో సిరప్ అన్న మాట తీసేయాలన్నదే అందులోని ప్రతిపాదన. ఒక్క మాట. పాత రూల్ తెరిస్తే గానీ దాని బరువు తెలియదు. వెయ్యికి మించని జనాభా ఉన్న ఊళ్ళలో మందుల లైసెన్స్ లేకుండా కొన్ని మామూలు మందులు అమ్ముకునే వెసులుబాటు ఆ వరుస ఇస్తుంది. సిరప్ మాట పోతే ఏటూరునాగారం అడవి పక్క గూడెంలోని కిరాణా కొట్టు దగ్గు బిళ్ళలు అమ్మగలదు, సిరప్ అమ్మకూడదు.

నా మటుకు నాకు ఆ మార్పు సరైనదే అనిపిస్తుంది. అయినా, వానాకాలంలో వాగు పొంగితే మెడికల్ షాపుకు వెళ్ళే దారి లేని ఊరివాళ్ళు "దీంతోపాటు సబ్‌సెంటర్‌లో, ఆశా దగ్గర పిల్లల మందులు ఉండేలా చూడండి" అని రాయడంలో తప్పేమీ లేదు. మద్దతు తెలుపుతూ కూడా సూచన పంపొచ్చన్న సంగతి చాలా మంది మర్చిపోతారు.

మొత్తం డ్రాఫ్ట్ మీద పాండిత్యం చూపించాల్సిన పని లేదు. మీ జీవితానికి తగిలే నిబంధనలు ఒకటో రెండో పట్టుకోండి. వాటి నెంబర్ల చుట్టూ పెన్నుతో సున్నా చుట్టండి. మిగతాది వదిలేయండి.

6. రాయండి: నిబంధన, ఇబ్బంది, బదులు వాక్యం

ఆఫీసులో ఈ ఉత్తరాలను నిబంధనల వారీగా పట్టికలో ఎక్కించడం మామూలు పద్ధతి. మీ ఉత్తరంలో నిబంధన నెంబర్ లేకపోతే ఏ గడిలో పెట్టాలో వాళ్ళకు తెలియదు. "ఈ రూల్ ప్రజా వ్యతిరేకం, వెంటనే ఉపసంహరించుకోవాలి" అన్న వాక్యం మీటింగ్‌లో బాగుంటుంది. ఇక్కడ దానికి గడి ఉండదు. మీకు ఏం కావాలో రూల్ భాషలోనే ఒక వాక్యం రాసి ఇవ్వండి. ఉత్తరం మొత్తంలో బలమైన భాగం అదే.

2025 జూన్ 18 నాటి విమానాశ్రయ అడ్డంకుల డ్రాఫ్ట్‌నే నమూనాగా తీసుకుందాం. దాని గడువు ఎప్పుడో అయిపోయింది, ఇది నేర్చుకోవడానికే. ఎత్తు మించిన కట్టడం గానీ చెట్టు గానీ ఉంటే యజమానికి నోటీసు ఇస్తారు, యజమాని 60 రోజుల్లోగా కొలతలు, ప్లాన్ ఇవ్వాలి అని అందులో ఉంది. మన దగ్గర తాటిచెట్టు ఉన్న భూమి ఒకరిది, ఆ చెట్టు ఎక్కి కల్లు గీసుకుని బతికేది ఇంకొకరు. నోటీసు భూమి యజమానికి వెళ్తే గీత కార్మికుడికి తెలిసేసరికి చెట్టు ఉండదు. నక్కలపల్లి, గుంటూరుపల్లి వైపు ఉన్న గీత కార్మికుడు ఇలా రాయొచ్చు:

విషయం: తేది 18-06-2025 నాటి డ్రాఫ్ట్ (జి.ఎస్.ఆర్. నెం. ____), అడ్డంకుల తొలగింపు రూల్స్, నిబంధన ____ మీద అభ్యంతరం, సూచన.

అయ్యా,

నేను మామునూరు విమానాశ్రయం దగ్గర ____ గ్రామంలో గీత కార్మికుడిని. లైసెన్స్ కాపీ జత చేశాను.

నిబంధన ____ లో నోటీసు యజమానికి ఇస్తామని ఉంది. నేను గీసే ____ తాటిచెట్లు ఇతరుల పట్టా భూముల్లో ఉన్నాయి. చెట్టు నాది కాదు, కానీ నా ఆదాయం ఆ చెట్టు మీదే. తాటిచెట్టు గీతకు రావడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి కొట్టేసిన చెట్టుకు బదులు వెంటనే దొరకదు.

ఈ నిబంధన చివర ఈ వాక్యం చేర్చాలని కోరుతున్నాను: "చెట్టు విషయంలో నోటీసు నకలును, ఆ చెట్టు మీద గీత లైసెన్స్ ఉన్న వ్యక్తికి లేదా సహకార సంఘానికి కూడా స్థానిక భాషలో అందజేయాలి. వారికి అందిన తేదీ నుంచే 60 రోజులు లెక్కించాలి."

విమాన భద్రతకు నేను వ్యతిరేకిని కాను. నా మాట కూడా విన్నాకే చెట్టు మీద నిర్ణయం తీసుకోవాలని నా మనవి.

పేరు, ఊరు, తేదీ, సంతకం.

ఇంతే. ఒక పేజీ దాటలేదు. తాను ఎవరో చెప్పాడు, ఎక్కడ దెబ్బ తగులుతుందో చెప్పాడు, ఏం మార్చాలో చెప్పాడు. చివరి రెండు వాక్యాలు కూడా కావాలనే పెట్టినవి. భద్రతకు అడ్డుపడుతున్నాడన్న ముద్ర పడితే మంచి సూచన కూడా పక్కకు పోతుంది.

7. ఆధారం జత చేయండి, కానీ అన్నీ కాదు

రెండు మూడు కాగితాలు చాలు. మిల్లులో దుమ్ము గురించి రాస్తే ఫొటో ఒకటి, మీరు ఎన్నేళ్ళుగా ఏ పనిలో ఉన్నారో ఒక వాక్యం. పత్తి దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్, రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ రెండూ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచే నోటిఫై చేయాల్సిన (ప్రభుత్వానికి తెలియజేయాల్సిన) జబ్బుల జాబితాలో ఉన్నాయి. కాబట్టి ఇవి జబ్బులే అని వాదించాల్సిన అవసరం లేదు. పరీక్ష ఏ వయసు నుంచి, ఎన్ని నెలలకోసారి, ఎవరి ఖర్చుతో అన్న దాని మీద మీ బలం పెట్టండి.

ఆధార్ కాపీ పంపొద్దు. బ్యాంకు పాస్‌బుక్ అసలే వద్దు. పక్కింటి వాళ్ళ ఎక్స్‌రే, ఆస్పత్రి చీటీ పేరుతో సహా జతచేయొద్దు. వచ్చిన అభిప్రాయాలను శాఖ బయట పెట్టవచ్చు, ఎవరైనా సమాచార హక్కు కింద కూడా అడగవచ్చు.

యజమాని పగబడతాడని భయపడే కార్మికులు మిల్లు పేరు రాయనక్కర్లేదు. "వరంగల్ జిల్లాలోని ఒక జిన్నింగ్ మిల్లు" అంటే చాలు. రూల్ మార్చడానికి మిల్లు పేరుతో పని లేదు. అది కూడా ఇబ్బంది అనుకుంటే యూనియన్ లెటర్‌హెడ్ మీద పంపించండి. ఊరూ పేరూ లేని ఆకాశరామన్న ఉత్తరం మాత్రం వద్దు, దాన్ని పట్టించుకోరు.

8. తెలుగులో రాయొచ్చా?

రాయొచ్చు. తన బాధ చెప్పుకునే విన్నపాన్ని కేంద్రంలో, రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. హైదరాబాద్‌కు పంపేది ఏ సంకోచం లేకుండా తెలుగులోనే రాయండి. ఢిల్లీకి పంపేటప్పుడు మాత్రం నా సలహా: తెలుగు ఉత్తరం పైన అర పేజీ ఇంగ్లిష్ సారాంశం పెట్టండి. హక్కు ఉండటం వేరు, గడువు ముగిసే వారంలో ఆ ఆఫీసులో తెలుగు చదివే మనిషి దొరకడం వేరు. ఫోన్‌లో అనువాదం చేయించుకుంటే నిబంధన నెంబర్లు, తేదీలు, బదులు వాక్యం ఒకసారి ఇంగ్లిష్ తెలిసినవాళ్ళతో సరిచూసుకోండి. గీత కార్మికుడు అన్న మాటను ఫోన్ చిత్రకారుడిగా మార్చేసే ప్రమాదం ఉంది.

9. పంపండి, రుజువు దాచుకోండి

డ్రాఫ్ట్‌లో ఈమెయిల్ ఇస్తే ఈమెయిలే మంచిది. సబ్జెక్ట్‌లో జి.ఎస్.ఆర్. నెంబర్, తేదీ, నిబంధన నెంబర్ రాయండి. ఉత్తరాన్ని పిడిఎఫ్‌గా జతచేసి, అదే విషయం మెయిల్‌లో కూడా అతికించండి. ఒక్కోసారి జతచేసినవి తెరుచుకోవు. నిర్ణీత ఫారం ఇచ్చి ఉంటే అందులోనే నింపాలి. పంపాక సెంట్ ఫోల్డర్ ఫొటో తీసి పెట్టుకోండి.

పోస్టులో అయితే స్పీడ్ పోస్ట్ చేయండి. 2025 సెప్టెంబర్ 1 నుంచి పాత రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులోనే కలిపేశారు కాబట్టి కౌంటర్లో రిజిస్ట్రేషన్ కావాలని విడిగా చెప్పాలి. రశీదు మీద ఉన్న నెంబర్‌తో చేరిందో లేదో ట్రాక్ చేయండి. "డెలివర్డ్" అని వచ్చిన స్క్రీన్‌ను గడువు తేదీతో కలిపి దాచుకోండి.

తరచూ జరిగే తప్పులు

ఒకే ఉత్తరం జిరాక్స్ తీసి ఐదు వందల మంది సంతకాలతో పంపడం మనకు అలవాటు. అది వృథా అనను. ఎంత మందికి ఇబ్బందో దాంతో తెలుస్తుంది. కానీ ఐదు వందల కాపీల్లో ఉన్నది ఒకే పాయింట్, ఆఫీసు దాన్ని ఒకే పాయింట్‌గా రాసుకుంటుంది. అంతకంటే, పది మంది పది రకాల అనుభవాలు రాస్తే నయం: గీత కార్మికుడు ఒకటి, ఇల్లు కట్టుకుంటున్న ఆమె ఒకటి, సెల్ టవర్‌కు స్థలం ఇచ్చిన రైతు ఒకటి.

రెండో తప్పు, రూల్‌లో లేని విషయాలు కలపడం. మామునూరు భూసేకరణ పరిహారం సంగతి అడ్డంకుల తొలగింపు డ్రాఫ్ట్‌లో రాస్తే ఎవరికీ అందదు. భూసేకరణకు వేరే చట్టం, వేరే అధికారి ఉన్నారు. అలాగే ఇల్లు కట్టుకోవడానికి ఎత్తు అనుమతి కావాలంటే అది 2015 నాటి ఎత్తు పరిమితుల రూల్స్ కింద ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఇచ్చే ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) వ్యవహారం. డ్రాఫ్ట్ మీద అభ్యంతరం పంపినంత మాత్రాన ఎన్‌వోసీకి దరఖాస్తు చేసినట్టు కాదు.

మూడోది, చట్టం మీద కోపం రూల్ మీద చూపించడం. రూల్ చేసే అధికారికి చట్టం మార్చే అధికారం లేదు. "కోడ్ రద్దు చేయాలి" అని ఆయనకు రాస్తే చదివి పక్కన పెట్టడం తప్ప ఆయన చేయగలిగింది లేదు.

తిట్లు, రాజకీయ పార్టీల పేర్లు, గతంలో ఎవరు ఏం చేశారన్న చరిత్ర కూడా వద్దు. చదివేవాళ్ళకు విసుగు, మీకు నష్టం.

ఫలితం వచ్చిందో లేదో చూసేదెలా

జవాబు ఉత్తరం వస్తుందని ఎదురుచూడకండి, చాలాసార్లు రాదు. చూడాల్సింది తుది గెజిట్. నెలలు పట్టొచ్చు, ఏళ్ళు కూడా పట్టొచ్చు. తుది నోటిఫికేషన్ మొదట్లో ఒక ఉపోద్ఘాతం ఉంటుంది: డ్రాఫ్ట్ ఫలానా తేదీన ప్రచురించాం, అభ్యంతరాలు కోరాం, వచ్చినవాటిని పరిశీలించాం అని. అభ్యంతరాలేవీ రాలేదని కూడా రాస్తారు. మీ దగ్గర డెలివరీ రుజువు ఉండగా అక్కడ "రాలేదు" అని ఉంటే గట్టిగా అడగాల్సిందే. ఆ రశీదు దాచమన్నది ఇందుకే.

తర్వాత మీ నిబంధనను డ్రాఫ్ట్‌లోని దానితో పదం పదం పోల్చండి. మీ వాక్యం యథాతథంగా రావడం అరుదు. "స్థానిక భాషలో" అన్న రెండు మాటలు చేరినా, 45 అన్నది 40 అయినా అది మార్పే.

మీ ఉత్తరం ఏమైందో తెలుసుకోవాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. కేంద్ర శాఖలకు పది రూపాయల ఫీజు, ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు గుర్తింపు ఉన్నవాళ్ళకు ఫీజు లేదు, రుజువు జతచేయాలి. ప్రశ్న సూటిగా ఉండాలి: "జి.ఎస్.ఆర్. నెం. ____ డ్రాఫ్ట్ మీద అందిన అభ్యంతరాల జాబితా, వాటి మీద శాఖ రాసిన నోట్ నకలు ఇవ్వగలరు." "ఎందుకు ఒప్పుకోలేదు?" అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపే అవకాశం ఉంది. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అదే శాఖలో మొదటి అప్పీలు.

గడువు దాటిపోతే

గడువు దాటిన తర్వాత కూడా పంపండి, కాకపోతే పరిశీలించాల్సిన బాధ్యత వాళ్ళకు లేదని తెలిసే పంపండి. గడువు పెంచమని అడగడం ఇంకో దారి. ముగియకముందే అడిగితే విలువ ఎక్కువ. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా డ్రాఫ్ట్ మీద ఢిల్లీ హైకోర్టు గడువును ఆగస్టు 11 దాకా పొడిగించింది. డ్రాఫ్ట్‌ను రాజ్యాంగం గుర్తించిన భాషల్లోకి అనువదించాలని కూడా చెప్పింది. డ్రాఫ్ట్ తెలుగులో ఇవ్వలేదు కాబట్టి సమయం కావాలని అడిగేటప్పుడు ఈ ఉదాహరణ ఉత్తరంలో పెట్టుకోవచ్చు.

రూల్ తుది గెజిట్‌లో వచ్చేస్తే ఇంకో తలుపు ఉంది. కేంద్ర చట్టాల కింద చేసే రూల్స్‌ను సాధారణంగా పార్లమెంటు ఉభయ సభల ముందు 30 రోజుల పాటు ఉంచుతారు. సభలు వాటిని మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. రెండు సభలకూ ఇలాంటి రూల్స్‌ను పరిశీలించే సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీలు ఉన్నాయి. మీ ఎంపీ ఆఫీసుకు వెళ్ళేటప్పుడు ఖాళీ చేతులతో, "రూల్ బాగాలేదు సార్" అన్న మాటతో వెళ్ళకండి. రూల్ నెంబర్, మీ ఒక పేజీ ఉత్తరం, స్పీడ్ పోస్ట్ రశీదు కాపీ పట్టుకెళ్ళి, దీని మీద ప్రశ్న వేయమని గానీ కమిటీకి రాయమని గానీ అడగండి.